మూడు కాలేజీల మెమోలతో పీజీ సీటుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది నిజామాబాద్ జిల్లా. ప్రస్తుతం రామంతాపూర్‌లో అక్కావాళ్ల ఇంట్లో ఉంటున్నాను. ఇంటర్ ఎంపీసీ తర్వాత హైదరాబాద్ శివార్లలో జేఎన్టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ చేరాను. మొదటి ఏడాది ఇంజినీరింగ్ గ్రాఫిక్స్, కెమిస్ట్రీ తప్పాను. ఆ వేసవిలోనే నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది. కిరాణా కొట్టు చూసుకోవడానికి చదువు మానేసి ఊరికి వెళ్లాను. సర్టిఫికెట్లు వెనక్కి ఇవ్వడానికి కాలేజీవాళ్లు రెండో ఏడాది ఫీజు కూడా కట్టించుకున్నారు. ఏడాది తర్వాత దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా నిజామాబాద్‌లో బీఎస్సీ సీటు వచ్చింది (గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్). రెండో ఏడాది మొదట్లో ఉస్మానియా పరిధిలోని కాలేజీకి బదిలీ చేయించుకున్నాను. ఇప్పుడు డిగ్రీ పూర్తయింది, చివరి నాలుగు సెమిస్టర్లలో మంచి గ్రేడ్లు వచ్చాయి. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, వీలైతే అమెరికా వెళ్లాలని ఉంది. బీటెక్ సంగతి ఎక్కడా రాయవద్దని, ఆ రెండేళ్లకూ కలిపి గ్యాప్ సర్టిఫికెట్ పెడితే చాలని మా బావ అంటున్నాడు. మూడు కాలేజీలు, మూడు యూనివర్సిటీలు చూసి నన్ను నిలకడ లేనివాడిగా లెక్కకట్టరా?
*ఒక పాఠకుడు, రామంతాపూర్*

జవాబు: ఈ ఒక్క విషయంలో బావగారి మాట వినకండి.

జిరాక్స్ షాపుల్లో గ్యాప్ సర్టిఫికెట్ కోసమని అమ్మే అఫిడవిట్ నమూనాను సంతకం పెట్టేముందు చదివేవాళ్లు తక్కువ. మీరు ఒకసారి చదవండి. పేరు, తండ్రి పేరు, చిరునామా అయ్యాక అసలు వాక్యం వస్తుంది: ‘పై కాలంలో నేను ఏ విద్యాసంస్థలోనూ చేరలేదని, ఏ కోర్సూ చదవలేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.’ దాని కింద మీ సంతకం, పక్కన నోటరీ ముద్ర. కొట్టులో కూర్చున్న ఏడాదికి ఈ వాక్యం అక్షరాలా నిజం. బీటెక్ చదివిన ఏడాదికి అబద్ధం, అది కూడా స్టాంపు పేపరు మీద. కాబట్టి మీ గ్యాప్ ఒక్క ఏడాదే. దానికి మాత్రమే అఫిడవిట్ చేయించండి. నాన్నగారి ఆస్పత్రి డిశ్చార్జి కాగితం నకలు దాని వెనక పెట్టుకోండి. ఎవరూ అడగకపోవచ్చు, అడిగితే మాత్రం మీరు తడుముకోనక్కర్లేదు.

దాచాలన్నా ఆ ఏడాది దాగదు. పీజీ ప్రవేశాల్లో స్థానికత తేల్చడానికి చదువు సాగిన ఏళ్లను వరుసగా చూస్తారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచీ ఉన్న పద్ధతే ఇది: అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నది అందులో మొదటి ప్రశ్న. మీకు నడుమ ఒక ఖాళీ ఏడాది ఉంది కనుక స్టడీ సర్టిఫికెట్లు పాఠశాల నుంచి డిగ్రీ దాకా అన్నీ సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంటర్ కాలేజీది ఉండి, బీటెక్ కాలేజీది లేకపోతే కాగితాలు చూసే గుమస్తా కన్ను నేరుగా ఆ ఖాళీ మీదే పడుతుంది. పైగా విద్యార్థులు సంపాదించిన క్రెడిట్లను ఆన్‌లైన్‌లో జమ చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఒకటుంది, 2021లో మొదలైంది. మీ బీటెక్ కాలేజీ క్రెడిట్లు జమ చేసి ఉంటే డిజిలాకర్‌లో మీ పేరు మీదే కనిపిస్తాయి. బావగారికి ఈ సంగతి చెప్పండి, ఆయనే మనసు మార్చుకుంటారు.

ఇక నిలకడ మాట. దాన్ని తూచేవాళ్లు ఎవరో ముందు తెలుసుకుంటే మీ భయం సగం తీరుతుంది. ఉస్మానియా నిర్వహించే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, తప్పు జవాబుకు కోత లేదు. ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటారు, సీటు వస్తుంది. ఇంటర్వ్యూ లేదు. మీరెన్ని కాలేజీలు మారారో, ఎందుకు మారారో వినడానికి ఎదురుగా ఎవరూ కూర్చోరు. నేను ఉద్యోగంలో ఉండగా చాలాకాలం పీజీ ప్రవేశాలప్పుడు సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర కూర్చున్నాను. కాలేజీలు ఎక్కువైనందుకు సీటు పోయిన విద్యార్థిని నేను చూడలేదు. ఒరిజినల్ టీసీ ఎక్కడో వదిలేసి, చివరి తేదీ సాయంత్రం గేటు దగ్గర ఫోన్లో ఏడ్చినవాళ్లను మాత్రం ఏటా చూశాను.

గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే వేరే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఆ పరీక్ష మార్చిలోనే జరుగుతుంది కనుక మీరు రాయకపోయి ఉంటే ఈ ఏడాదికి ఆ దారి లేదు. ఐఐటీల ఎమ్మెస్సీకి జరిగే జామ్ కూడా ఫిబ్రవరిలోనే అయిపోతుంది. అందులో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్‌కు విడిగా పేపరుంది. వాటికోసం ఇంకో ఏడాది ఖాళీగా కూర్చోవాలా అంటే, మీ విషయంలో నేను వద్దనే అంటాను. ఇప్పటికే ఒక గ్యాప్ ఉంది. సీపీగెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని ఉస్మానియాలో చేరిపోండి. స్టాటిస్టిక్స్ సీట్లకు పోటీ గట్టిగానే ఉంటుంది కాబట్టి ఇప్పుడు మీ దృష్టి ప్రాబబిలిటీ, డిస్ట్రిబ్యూషన్లు, ఎస్టిమేషన్ మీద ఉండాలి, పాత మెమోల మీద కాదు.

కాగితాల సంగతికి వస్తే, కొత్త చోట అడిగేది చివరి కాలేజీ ఇచ్చిన టీసీనే. మొదటి రెండు టీసీలూ ఆయా చేరికలప్పుడే ఇచ్చేసి ఉంటారు. వాటి నకళ్లు మీ దగ్గర లేకపోతే ప్రస్తుత కాలేజీ ఆఫీసులో మీ ఫైలు తీయించి జిరాక్సు తీసుకోండి; మీరు ఆ కాలేజీ వదిలాక ఆ ఫైలు అటక ఎక్కుతుంది. ఉస్మానియాలోనే ఎమ్మెస్సీ చేస్తే మైగ్రేషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వేరే యూనివర్సిటీకి వెళ్తేనే కావాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది సీఎంఎం, అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి ఇచ్చే మెమో. నిజామాబాద్‌లో చదివిన రెండు సెమిస్టర్లు అందులో ఎలా నమోదయ్యాయో పేపరు పేపరుగా సరిచూడండి. యూనివర్సిటీ మారినప్పుడు రెండు సిలబస్‌లను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న పేపర్లు రాయమంటారు. తెలంగాణలో డిగ్రీ సిలబస్‌లు చాలావరకు కలుస్తాయి కానీ ఒక ల్యాంగ్వేజీ పేపరో, రెండు క్రెడిట్ల చిన్న పేపరో మిగిలిపోయి చివర్లో మెమో ఆగిపోవడం కొత్తేమీ కాదు. అలాంటిది ఉంటే ఇప్పుడే పరీక్షల విభాగానికి వెళ్లి తేల్చుకోండి. గ్రేడును శాతంగా మార్చి చెప్పమని ఎవరైనా అడిగితే మీరు సొంతంగా లెక్కవేయవద్దు. యూనివర్సిటీ ఇచ్చే కన్వర్షన్ కాగితమే చూపండి. మూడు చోట్ల మూడు పద్ధతులు ఉన్నప్పుడు సొంత లెక్క నిజమైనదే అయినా అనుమానం రేపుతుంది.

అమెరికా సంగతి వేరు. మీరు అనుకున్న ప్రశ్న అక్కడ నిజంగానే ఎదురవుతుంది. అక్కడి దరఖాస్తుల్లో ఇంటర్ తర్వాత చదివిన ప్రతి సంస్థ పేరూ రాయమంటారు, పట్టా వచ్చినా రాకపోయినా సరే. చాలాచోట్ల ఒక్కో సంస్థ నుంచీ ట్రాన్స్‌క్రిప్టు, అంటే అధికారిక మార్కుల పత్రం అడుగుతారు. దాచిన సంగతి చేరాక బయటపడినా సీటు రద్దు చేసే హక్కు తమకుందని దరఖాస్తు చివర సంతకం దగ్గర ముద్రించి ఉంటుంది. అక్కడితో అయిపోదు. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలోనూ చదువుకున్న సంస్థల వివరాలు రాయాలి. యూనివర్సిటీకి ఒక జాబితా, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు ఇంకో జాబితా ఇచ్చిన మనిషి కౌంటరు దగ్గర నిలబడి ఏం చెబుతాడు?

కాబట్టి మూడు చోట్లా ట్రాన్స్‌క్రిప్టులు తీసుకోవాలి. కూకట్‌పల్లి జేఎన్టీయూ, ఉస్మానియా క్యాంపస్ అంటే నగరంలోనే కనుక పరవాలేదు. మీ నిజామాబాద్ కాలేజీ అనుబంధంగా ఉన్న తెలంగాణ విశ్వవిద్యాలయం మాత్రం డిచ్‌పల్లిలో ఉంది. ఎలాగూ పండగలకు ఊరికి వెళ్తారు కదా, జూబ్లీ బస్ స్టేషన్‌లో నిజామాబాద్ బస్సు ఎక్కి దారిలో దిగేయండి. పండగ రోజున కాదు, దానికి రెండు రోజుల ముందు, ఆఫీసు తెరిచి ఉన్నప్పుడు. ఈ పని ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే పూర్తిచేసుకోండి. దరఖాస్తులు పెట్టే నవంబరు, డిసెంబరుల్లో మొదలుపెడితే సీలు వేసిన కవరు కోసం నానా యాతన పడతారు.

అమెరికాలో ప్రవేశాల కమిటీ మీ మెమోలను ఎలా చూస్తుందో చెబుతాను. ముందు ఎమ్మెస్సీ మార్కులు, అందులోనూ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా వంటి పేపర్లు చూస్తారు. తర్వాత బీఎస్సీ చివరి రెండేళ్లు. బీటెక్ మెమో దగ్గరికి వచ్చేసరికి వాళ్ల అభిప్రాయం దాదాపు ఏర్పడిపోయి ఉంటుంది. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ తప్పినవాడు స్టాటిస్టిక్స్‌కు పనికిరాడని ఏ ప్రొఫెసరూ అనుకోడు. మరో సంగతి, చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను: బీటెక్ ఒక ఏడాది, బీఎస్సీ మూడేళ్లు కలిపి నాలుగేళ్ల డిగ్రీగా ఎవరూ లెక్కించరు. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకోని అమెరికా యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ముందు ఇక్కడ ఎమ్మెస్సీ చేయమనడానికి ఇది ఇంకో కారణం.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో, అంటే ఆ చదువు ఎందుకు కోరుతున్నారో చెబుతూ దరఖాస్తుతో పెట్టే వ్యాసంలో, ఈ మార్పులకు ఎంత చోటివ్వాలి? మూడు వాక్యాలు, అంతకు మించవద్దు. ఇలాంటి సందర్భాల్లో విద్యార్థులు నాకు చూపించే చిత్తుప్రతులు సాధారణంగా ‘విధి నా జీవితంతో ఆడుకుంది’ అనే ధోరణిలో మొదలై, నాన్నగారి ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఒక పేజీ ఆగుతాయి. చదివేవాళ్లకు జాలి కలగవచ్చు, కానీ సీటు ఇచ్చేది జాలి చూసి కాదు. మీరైతే ఇలా రాయవచ్చు: ‘బీటెక్ మొదటి ఏడాది చివర నాన్న ఆపరేషన్ వల్ల చదువు ఆపి ఏడాదిపాటు మా కిరాణా దుకాణం నడిపాను. తర్వాత స్టాటిస్టిక్స్ ప్రధానంగా బీఎస్సీలో చేరి, రెండో ఏడాది హైదరాబాద్‌కు మారాను. మారిన తర్వాతి నాలుగు సెమిస్టర్ల గ్రేడ్లు ఇవి.’ అంతే. కారణం, తేదీ, ఫలితం. ఆ వెంటనే అసలు విషయంలోకి, అంటే ఏ సమస్య మీద పనిచేయాలని ఉందో అందులోకి వెళ్లిపోవాలి.

కొట్టు సంగతి కూడా తీసిపారేయకండి. ఏ నెలలో ఏ సరుకు ఎంత తెప్పించాలి, దసరాకు నూనె డబ్బాలు ఎన్ని, రంజాన్‌కు సేమ్యా ఎంత, మిగిలిపోతే ఎంత నష్టం అని మీరు ఏడాది పొడుగునా లెక్కలు వేసే ఉంటారు. స్టాటిస్టిక్స్‌లో దాన్ని డిమాండ్ అంచనా అంటారు, దానిమీద పేపర్లకు పేపర్లు రాస్తున్నారు. ఆ ఏడాది ఖాతా పుస్తకాలు ఇంకా ఇంట్లో ఉంటే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అంతకంటే మంచి డేటా మీకు దొరకదు. బయటి వెబ్‌సైటు నుంచి దించుకున్న డేటాతో అందరూ చేసే ప్రాజెక్టు కంటే అది నూరు రెట్లు నయం.

ఇక సిఫారసు లేఖలు. కాలేజీలు మారినవాళ్లు నిజంగా నష్టపోయేది ఇక్కడే, దీన్ని మీరు అడగనే లేదు. ఏ లెక్చరరుకూ మీరు పూర్తిగా తెలియరు. ఒకరి దగ్గర ఏడాది, ఇంకొకరి దగ్గర రెండేళ్లు. అందువల్ల ఎమ్మెస్సీలో మొదటి సెమిస్టర్ నుంచే ఇద్దరు ప్రొఫెసర్లకు మీ ముఖం, మీ పని తెలిసేలా చూసుకోండి. సెమినారు ఇవ్వండి, సందేహాలు అడగండి, ప్రాజెక్టు వాళ్ల దగ్గరే చేయండి. మూడో లేఖ ఇప్పటి బీఎస్సీ కాలేజీ మేడమో సారో ఇవ్వవచ్చు. ఆ లెక్చరరు రిటైరయ్యో, ఇంకో కాలేజీకి మారో పోకముందే మీ మెమోలు, ప్రాజెక్టు రిపోర్టు పట్టుకెళ్లి మాట్లాడి, వాళ్ల ఈమెయిలు తీసుకోండి. కాలేజీ పేరుతో ఉన్న ఈమెయిలు ఉంటే అదే అడగండి. ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అంటే మాత్రం వినయంగా తప్పించుకోండి. స్టేట్‌మెంట్‌లో ఉన్న వాక్యాలే మూడు లేఖల్లోనూ కనిపిస్తే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి బడిచదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. అది బడి సంగతి, కాలేజీ కాదు కాబట్టి మీ కేసుకు రుజువుగా చూపలేను. పైగా ఆయన సి.ఆర్. రావు. కానీ ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం పీజీ చేశాక కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్‌లో ఎంఏ చేశారు. 1943లో ఆ పట్టా అందుకున్నారు. సబ్జెక్టు మారడం, ఊరు మారడం ఆ రంగంలో వింతేమీ కాదు. ఆయన పేరు మీద సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పరిశోధన సంస్థ ఉంది, వీలైనప్పుడు వెళ్లి చూడండి.

రెండో ఏడాది ఫీజు కట్టించుకున్నారని రాశారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టేపెట్టుకోకూడదని, సరిచూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మీ డబ్బు తిరిగి వస్తుందని నేను ఆశపెట్టలేను కానీ ఆ రసీదు పారేయకండి. మీరు ఆ కాలేజీని ఎప్పుడు, ఎలా వదిలారో చెప్పే కాగితం అదే కావచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఐఎల్ దగ్గర కాలేజీలో బీకాం మొదటి ఏడాది. వచ్చే ఏడాది నారాయణగూడలోని కాలేజీకి మారతానంటోంది. ఇలా మారితే రేపు ఎంబీఏ సీటుకు ఇబ్బంది కాదా?
*ఒక తల్లి, కుషాయిగూడ*

జవాబు: ఎంబీఏకు రాసేది ఐసెట్. డిగ్రీ, అందులో కావలసిన శాతం, ర్యాంకు ఇవే చూస్తారు. రెండు కాలేజీల్లో చదివిందని సీటు ఆపరు. మార్పు వద్దనడానికి ఎంబీఏను అడ్డం పెట్టుకోకండమ్మా.

అమ్మాయి ఎందుకు మారతానంటోందో మీరు రాయలేదు. నేనైతే ముందు అదే అడుగుతాను. స్నేహితురాలు అక్కడ ఉందనా, ఇక్కడ పాఠాలు జరగడం లేదనా, ఇంకేదైనా ఇబ్బందా? మూడోదైతే వచ్చే ఏడాది దాకా ఆగకూడదు.

మార్చాలనుకుంటే ఏడాది మొదట్లోనే, రెండు కాలేజీల ప్రిన్సిపాళ్ల అంగీకారంతో జరగాలి. గ్రూపు, రెండో భాష అక్కడ కూడా ఉన్నాయో లేదో, ఆ కాలేజీ అటానమస్ అయితే సిలబస్ ఎంత తేడాగా ఉందో ముందే కనుక్కోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే దాని వెబ్‌సైటు ఈపాస్‌లో కాలేజీ మార్పు నమోదయ్యేదాకా ఆఫీసు వెంటపడాల్సిందే. అలాగే కుషాయిగూడ నుంచి నారాయణగూడకు ఉదయం పూట బస్సులో ఒక వారం మీరే ప్రయాణం చేసి చూడండి.

ప్రశ్న: రెండు కాలేజీల్లో చేరి మానేశాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పూర్తిచేశాను. వయసు ముప్పై దాటింది. రెగ్యులర్ ఎంఏలో చేరనిస్తారా? మొదటి రెండు కాలేజీల మెమోలు పెట్టాలా?
*ఒక పాఠకురాలు, బోరబండ*

జవాబు: నిస్సంకోచంగా దరఖాస్తు పెట్టండి. 1982లో మొదలైన మీ యూనివర్సిటీ ఈ దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. గుర్తింపు ఉన్న సంస్థల దూరవిద్య పట్టాలు రెగ్యులర్ పట్టాలతో సమానమేనని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. ఓపెన్ డిగ్రీ మీద ఎంఏ చేసి, ఆ తర్వాత లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాసి లెక్చరర్లయినవాళ్లు నాకు తెలుసు.

ఎంఏకు అర్హత మీ బీఏనే కనుక దాని మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చాలు. మానేసిన కాలేజీలవి అడిగితే చూపండి, అడగకుండా ఫైల్లో దూర్చి గుమస్తాను తికమకపెట్టకండి. ఆ కాలేజీల్లో ఒరిజినల్ పదోతరగతి, ఇంటర్ మెమోలు చిక్కుకుని ఉంటే మాత్రం ఇప్పుడే వెళ్లి తెచ్చుకోండి. ప్రవేశాల హడావుడిలో ఆ పాత రిజిస్టర్లు తీసేవాళ్లు దొరకరు. కాలేజీ పేరు రాయమన్న గడిలో మీ స్టడీ సెంటర్ ఉన్న కాలేజీ పేరు రాసి ఊరుకోకండి. పట్టా ఇచ్చింది యూనివర్సిటీ కాబట్టి దాని పేరు తప్పనిసరిగా ఉండాలి.